లోహపు విడిభాగాల గోదాముకు ఏ ఆర్‌ఎఫ్‌ఐడీ యాంటెన్నా తగినది?

ప్రశ్న (పీణ్య, బెంగళూరు): మా గోదాములో ఉక్కు ర్యాకుల మీద మోటారు విడిభాగాలు ఉంటాయి. తలుపు దగ్గర బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో వస్తువులను గుర్తించే పద్ధతి) రీడరు అట్టపెట్టెల మీది ట్యాగులను (చిన్న చిప్పు, యాంటెన్నా ఉన్న చీటీలను) చక్కగా చదువుతున్నా, లోహపు వస్తువుల మీది ట్యాగులను చాలావరకు వదిలేస్తోంది. యాంటెన్నా మారిస్తే సరిపోతుందా అండీ?

జవాబు: యాంటెన్నా కంటే ముందు ట్యాగును చూడండి. మామూలు ట్యాగును లోహానికి నేరుగా అంటిస్తే, అందులోని చిన్న యాంటెన్నా శ్రుతి తప్పి చిప్పుకు చాలినంత శక్తి అందదు; లోహం కోసమే తయారైన, మధ్యలో నురుగు లేదా సిరామిక్ పొర ఉన్న ట్యాగులు వాడాలి.

జవాబు (అంబత్తూరు, చెన్నై): పై మాట నిజమే. అయితే మన దేశంలో యూహెచ్‌ఎఫ్ (అతి ఎక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలు వాడే) ఆర్‌ఎఫ్‌ఐడీ పౌనఃపున్యాలు 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి, అమెరికాలో 902 నుంచి 928 వరకు ఉంటాయి. కాబట్టి అక్కడి పౌనఃపున్యాల పట్టీకి మాత్రమే కుదిర్చిన యాంటెన్నా చవకగా దొరికినా దయచేసి కొనకండి. వృత్తాకార ధ్రువణం గల (తరంగపు ఊగే దిశ గుండ్రంగా తిరిగే) యాంటెన్నా, ఒకే దిశలో ఊగే తరంగాన్ని అందుకునే రేఖీయ ట్యాగు విషయంలో సుమారు 3 డెసిబెల్స్ (అంటే దాదాపు సగం శక్తి) నష్టపోయినా, ట్యాగు నిలువుగా ఉన్నా అడ్డంగా ఉన్నా చదవగలదు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. పైకప్పుకు బిగించి, కిరణాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో తిప్పే కొత్త యాంటెన్నాలు మాకు పనికొస్తాయా?

జవాబు (అంబత్తూరు, చెన్నై): అరల అడ్డు లేని విశాలమైన హాలులో అవి నిజంగా గొప్ప మెరుగుదల, ఒకే పరికరం అనేక దిశలను వంతులవారీగా గాలిస్తుంది. మీ ఉక్కు అరల లోపలికి మాత్రం పైనుంచి తరంగాలు సరిగా చేరవు కనుక, వరుసల మధ్య చేతి రీడరుతో తిరగడమే మేలని నా అభిప్రాయం.