ఉప్పునీటి అక్వేరియంలో రెండు ఎనిమోన్లు (పువ్వులా కనిపించే సముద్ర జీవులు): ఒకటి కొన్నది, ఒకటి దానంతట అదే వచ్చింది. పేర్లేంటి?

ప్రశ్న: కొన్నదాన్ని షాపులో "సెబే" అని ఇచ్చారు. టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే మీసాల్లాంటివి) పొడుగ్గా ఉన్నాయి, కొసల్లో బుడగలు లేవు. వచ్చినప్పటి నుంచి ఇసుకలోనే పాతుకుంది. మా ఆసెల్లారిస్ క్లౌన్ చేపల జంట (ఎనిమోన్లలో ఉండే రకం) దానివైపు కన్నెత్తి చూడట్లేదు. రెండోది లైవ్ రాక్ (జీవులతో సహా ట్యాంకులో పెట్టే సముద్రపు రాయి) కన్నంలోంచి వచ్చింది. గోరంత ఉంది, గోధుమ రంగు, అవతలివైపు కనబడేంత పలచన. ముద్దుగానే ఉంది, ఉంచుకోవచ్చా?

జవాబు: ముందు ఆ ముద్దుగా ఉన్నదాని సంగతి చూడండి. పుల్లతో తాకగానే చటుక్కున కన్నంలోకి ముడుచుకుపోతే అది ఐప్టేసియా, ట్యాంకంతా పాకే కలుపు ఎనిమోన్, ఉంచుకోవద్దు. గిల్లడం, కత్తిరించడం అసలొద్దు, రాతికి అంటుకున్న చిన్న ముక్క నుంచి కూడా మళ్లీ మొలుస్తుంది. ఒకటీ అరా ఉంటే పంపులు ఆపి, కాల్క్‌వాసర్ (కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే సున్నం) పొడిని చిక్కటి పేస్టుగా కలిపి సిరంజితో నోటిమీద వేయండి. ఒకేసారి ఎక్కువ వేస్తే పీహెచ్ పెరిగిపోతుంది, జాగ్రత్త. పెప్పర్‌మింట్ రొయ్యలు ఐప్టేసియాని తింటాయి, కానీ ప్రతి రొయ్యా తింటుందని నమ్మకం లేదు. ఆ పేరుతో క్యామెల్ రొయ్యని అంటగడుతుంటారు కూడా. వీపుమీద మూపురం, ఒంటినిండా తెల్లచారలు ఉంటే తెచ్చుకోకండి, అది పగడాల్ని గిల్లుతుంది.

ప్రశ్న అడిగినవారు: తాకాను, మాయమైపోయింది. మరి పెద్దది?

మరో జవాబు: రంగునీ కొసల్నీ చూసి పేరు పెట్టకండి సార్. కొసల్లో బుడగలుండే బబుల్ టిప్ అనే రకం ఎనిమోన్‌కి కూడా చాలాసార్లు బుడగలు పోయి టెంటకిల్స్ సాగిపోతాయి. చూడాల్సింది టెంటకిల్స్ కింద ఉండే కాడని. బబుల్ టిప్ కాడ నున్నగా ఉంటుంది, పాదం రాతి సందులో దాచుకుంటుంది. మీది ఇసుకలో ఉందంటే అది కాదనే అనుకుంటున్నా. లైట్లు వెలగకముందు టార్చి వేసి చూడండి. కాడ బూడిద రంగులో ఉండి, టెంటకిల్స్ ఒత్తుగా ఉంటే హెటెరాక్టిస్ క్రిస్పా, షాపుల్లో సెబే అనేది దాన్నే. కాడ ఎర్రగానో నారింజగానో ఉండి, పైభాగాన బొడిపెలు, పలచగా టెంటకిల్స్ ఉంటే మాక్రోడాక్టిలా డోరీన్సిస్, అంటే లాంగ్ టెంటకిల్.

ప్రశ్న అడిగినవారు: ఇసుక కాస్త తప్పుకున్నచోట కాడ నారింజ రంగే! బొడిపెలున్నాయి. కొన్ని టెంటకిల్స్ మెలితిరిగి ఉన్నాయి.

మరో జవాబు: ఇంకేం, లాంగ్ టెంటకిలే. ఆ మెలికలు దానికి మామూలే. పాదం లోతుగా దించుకుంటుంది కాబట్టి ఇసుక 10 సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. క్లౌన్ల మీద కోపం వద్దు. వెయ్యికి పైగా ఎనిమోన్ జాతుల్లో క్లౌన్లు చేరేవి పదే. అందులోనూ ఆసెల్లారిస్ సముద్రంలో ఉండేది మాగ్నిఫికా, జైగాంటియా, మెర్టెన్సీ అనే మూడింట్లోనే. క్లార్కీ క్లౌన్ అయితే దీంట్లోకి దూరేదేమో. ఇంతకీ ట్యాంకులో నీటిని తిప్పే పవర్‌హెడ్ పంపుకి స్పాంజి తొడుగు ఉందా? ఎనిమోన్ చోటు మారిందంటే నేరుగా అందులోకే పోయి ముక్కలయ్యే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు: లేదండి. ఇవాళే తొడుగుతాను.