‘అధ్యక్షుడి దస్త్రాలు’ అనవచ్చా?

ప్రశ్న (తిరుపతి):
అమెరికాలో 1978లో చేసిన చట్టాన్ని తెలుగులో ‘అధ్యక్షుడి రికార్డుల చట్టం’ అంటున్నాం. అధ్యక్షుడు నిక్సన్ వాటర్‌గేట్ వ్యవహారం తర్వాత వచ్చిన ఆ చట్టం చెప్పేదేమో ఆ కాగితాలు అధ్యక్షుడివి కావు, ప్రభుత్వానివి అని. మన షష్ఠీ విభక్తి (‘అధ్యక్షుడి’లో ఉన్న ‘యొక్క’ అర్థం) చట్టం అర్థాన్ని తిరగేయడం లేదా?

జవాబు (చిత్తూరు):
తిరగేస్తోంది మేడం. రాసినవారు, వాడినవారు, సొంతదారు ముగ్గురికీ మన షష్ఠి ఒకటే. ‘కరణం లెక్కలు’ ఆయన ఆస్తి కాదని ఊరందరికీ తెలుసు, అయినా కట్టలుండేది ఆయన ఇంట్లోనే. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాక వాటిని సర్కారుకు అప్పగించాల్సి వచ్చింది.

‘అధ్యక్ష పదవి దస్త్రాలు’ అనండి. 1981 జనవరి 20 నుంచి పదవిలోకి వచ్చినవారందరికీ ఆ చట్టం వర్తిస్తుంది. పదవీకాలం ముగియగానే దస్త్రాలు జాతీయ ఆర్కైవ్స్ అధిపతి చేతికి పోతాయి. సొంత డైరీలు, సొంత ఎన్నికల కాగితాలు వేరు. వాటిని కాగితం పుట్టినప్పుడే విడదీసి పెట్టాలి. చివర్లో విడదీద్దామంటే రెండూ కలిసిపోయి ఉంటాయి, తగాదా మొదలయ్యేది అక్కడే.

ప్రశ్న:
మరి దస్త్రాలను ఉంచడానికి ‘భద్రపరచు’ సరిపోతుందా? కొందరు ‘దాచు’ అని రాస్తున్నారు.

జవాబు (తిరుపతి, మరొకరు):
‘దాచు’ వద్దమ్మా, దాచిపెట్టారని చదువుతారు. మనవైపు ‘ఎత్తిపెట్టు’ ఎంతో నయం. ‘భద్రపరచు’ మంచి మాటే కానీ ఎన్నాళ్లో చెప్పదు. మద్రాసు కాలం నుంచి కలెక్టరేట్లలో ఉన్న డిస్పోజల్ గుర్తులు (మూసిన ఫైలును ఎన్నాళ్లు ఉంచాలో చెప్పేవి) చూడండి: ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఏడాది. ఫైలు మూసేటప్పుడు ఆర్ పడాల్సిన చోట ఎల్ పడితే, ఏడాది తర్వాత దాన్ని నిబంధన ప్రకారమే చించేస్తారు. అందుకే ‘ఉంచాల్సిన గడువు’ అన్న మాట పక్కనే రాయాలి.

మన దేశంలో 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు, కేంద్ర సంస్థలకే. రాష్ట్ర ముఖ్యమంత్రి ఫైళ్ల వార్తలో దాన్ని ఉదహరించకండి. 1892కు ముందునాటి దస్త్రాలను, బాగా చెడిపోయాయని తేలితే తప్ప, ధ్వంసం చేయకూడదని అందులో ఉంది. ఉల్లంఘిస్తే ఐదేళ్ల వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ.

జవాబు (చిత్తూరు):
క్రియ కూడా చూసుకోవాలి మేడం. ‘తన దస్త్రాలను ప్రభుత్వానికి ఇవ్వలేదు’ అంటే దానం చేయనట్టుంది. ‘పదవి దస్త్రాలను అప్పగించలేదు’ అని రాయండి.