జపాన్‌కు తొలి ప్రయాణం: వెళ్లే ముందు ఏమేం తెలుసుకోవాలి?

తొలిఅడుగు:
అందరికీ నమస్కారం. వచ్చే ఏప్రిల్ నెలాఖరున అమ్మానాన్నలను తీసుకుని జపాన్ వెళ్లాలనుకుంటున్నాను. టోక్యోలో దిగి, క్యోటో చూసుకుని, హిరోషిమా దాకా వెళ్లి, మళ్లీ టోక్యో నుంచే తిరుగు ప్రయాణం. మా ముగ్గురిలో ఎవరమూ ఇంతవరకు దేశం దాటలేదు. రైలు పాస్ కొనాలా, నగదు ఎంత ఉంచుకోవాలి, పాస్‌పోర్టును బయట తిరిగేటప్పుడు ఎక్కడ ఉంచాలి, అమ్మ వాడే మందులకు అనుమతి కావాలా, చేప కూడా ముట్టని నాన్నకు భోజనం ఎలా, మోకాళ్ల నొప్పులున్న అమ్మ స్టేషన్లలో నడవగలదా అన్నవి నా సందేహాలు. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

లెక్కలమాస్టారు:
మొదట రైలు పాస్ సంగతి తేల్చుకోండి, డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. దేశమంతటా చెల్లే ఏడు రోజుల జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ 2023 అక్టోబరుకు ముందు 29,650 యెన్లు ఉండేది. అప్పట్లో టోక్యో నుంచి క్యోటోకు ఒకసారి వెళ్లి వస్తే చాలు, పెట్టిన డబ్బు దాదాపుగా కిట్టేది. ఆ నెలలో దాన్ని ఒక్కసారిగా 50,000 యెన్లు చేశారు. మీ దారికి విడి టికెట్లు తీసుకుంటే టోక్యో నుంచి క్యోటోకు సుమారు 14,000, క్యోటో నుంచి హిరోషిమాకు పదకొండు పన్నెండు వేలు, హిరోషిమా నుంచి టోక్యోకు సుమారు 19,000, మొత్తం మీద మనిషికి 45,000 దగ్గర తేలుతుంది. పాత వీడియోలు చూసి ఇప్పటికీ పాస్ కొంటున్నవారిని చూస్తే జాలి వేస్తుంది.

నిత్యయాత్రి:
ఆ జాలి మీ దగ్గరే ఉంచుకోండి మాస్టారూ. పాస్ అంటే కేవలం మూడు టికెట్ల మొత్తం కాదు. క్యోటో నుంచి నారాకు, దారిలో హిమేజీ కోటకు, హిరోషిమా పక్కన మియాజిమా దీవికి వెళ్లే జేఆర్ ఫెర్రీకి కూడా అదే చెల్లుతుంది. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ప్రతి స్టేషన్లో యంత్రం ముందు నిలబడి చార్జీల పటం చూసుకునే బాధ ఉండదు. నేను పాస్‌తోనే తిరిగాను, హాయిగా తిరిగాను.

లెక్కలమాస్టారు:
హాయికి నేను అడ్డు రాలేదు, లెక్క అడిగాను. క్యోటో నుంచి నారాకు జేఆర్ రైలు వెయ్యి యెన్లలోపే, మియాజిమా ఫెర్రీ కొన్ని వందల యెన్లు. ఇక తమరు చెప్పని విషయం ఒకటుంది: ఈ దారిలో అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజోమి రైలు ఎక్కాలంటే పాస్ ఉన్నా సరే, టోక్యో నుంచి క్యోటోకు అదనంగా 4,960 యెన్లు కట్టాలి. ఆ అదనం కట్టనివారు హికారి రైలు కోసం ఎదురు చూడవలసిందే.

ఒసాకావాసి:
ఇద్దరూ ప్రయాణ తేదీలను వదిలేశారు. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కనుక చెబుతున్నాను. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు వచ్చే వరుస సెలవులను ఇక్కడ గోల్డెన్ వీక్ అంటారు. దేశంలో సగం మంది ఆ వారంలో రైలెక్కుతారా అనిపిస్తుంది. నొజోమి రైళ్లలో ఆ రోజుల్లో రిజర్వేషన్ లేని పెట్టెలే ఉండవు. హోటళ్ల ధరలు కూడా ఆ వారంలో చుక్కలు చూపిస్తాయి. సెలవులకు ముందే తిరిగి వచ్చేలాగానో, మే రెండో వారంలో బయలుదేరేలాగానో తేదీలు మార్చుకోగలిగితే పాస్ మీద మిగిల్చుకునే దానికన్నా ఎక్కువే మిగులుతుంది.

నాటుకోడి:
పచ్చడి సీసాలు పట్టుకెళ్లవద్దని ఎవరూ చెప్పరేమిటి? మా అత్తగారు చేసిచ్చిన కోడి పచ్చడిని, గాలి చొరకుండా మూడు పొరల కవరులో చుట్టి తీసుకుపోతే, విమానాశ్రయంలో కుక్క వచ్చి సంచి పక్కన బుద్ధిగా కూర్చుంది. తరువాత ఆ సీసా మళ్లీ నా కంటబడలేదు. వండినదైనా, ఎండబెట్టినదైనా, డబ్బాలో సీలు వేసినదైనా మాంసానికి ఎగుమతి చేసే దేశపు తనిఖీ పత్రం లేకపోతే లోపలికి రానివ్వరట. చెప్పకుండా తీసుకొస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా 30 లక్షల యెన్ల దాకా జరిమానా వేయవచ్చని అక్కడి బోర్డు మీద రాసి ఉంది. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా మొక్కల తనిఖీ పత్రం లేకుండా కుదరవు.

మందులపెట్టె:
పచ్చడి పోతే భోజనం చప్పగా ఉంటుంది, మందుల విషయంలో పొరపాటు జరిగితే విచారణ దాకా వెళ్తుంది. నేను ఫార్మసిస్టును. మామూలుగా వైద్యుడు రాసిచ్చిన మందులు ఒక నెలకు సరిపడేంత వరకు ఎలాంటి పత్రం లేకుండా తీసుకెళ్లవచ్చు. అంతకు మించితే యున్యు కకునిన్‌షో అనే దిగుమతి ధ్రువీకరణ పత్రాన్ని ప్రయాణానికి ముందే తీసుకోవాలి. ఇంజెక్షన్లుంటే ముందే అడిగి తెలుసుకోండి. మన దగ్గర జలుబు మాత్రల్లో కనిపించే సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించి ఉన్న మందు అక్కడ నిషిద్ధం. ఆంఫెటమిన్ ఉన్న మందులకైతే వైద్యుడి చీటీ ఉన్నా మినహాయింపు లేదు. కొడీన్ ఉన్న దగ్గు మందులను కూడా వెంట వేసుకోకపోవడమే మంచిది. అమ్మగారి బీపీ, షుగరు మాత్రలను స్ట్రిప్పులతోనే ఉంచి, మందు అసలు పేరు ఉన్న చీటీతో కలిపి చేతి సంచిలో పెట్టండి. విడి డబ్బాలో పోసి తీసుకెళ్లవద్దు.

జాగ్రత్తపరుడు:
పాస్‌పోర్టు గురించి అడిగారు. హోటల్ గదిలోని లాకరులో పెట్టి తాళం వేసి, జిరాక్స్ కాపీ ఒకటి జేబులో ఉంచుకోండి. పరాయి దేశంలో అసలు పాస్‌పోర్టు పోతే పడే పాట్లు ఇంతా అంతా కాదు. ఏ దేశం వెళ్లినా నేను పాటించే సూత్రం ఇదే.

ఒసాకావాసి:
దయచేసి ఈ సలహా పాటించవద్దు. జపాన్ వలస చట్టం ప్రకారం పదహారేళ్లు నిండిన విదేశీ పర్యాటకులు పాస్‌పోర్టును ఎప్పుడూ వెంటే ఉంచుకోవాలి. లేకుండా తిరిగితే లక్ష యెన్ల దాకా జరిమానా వేయవచ్చు. పోలీసు అడిగినప్పుడు జిరాక్స్ చూపిస్తే సరిపోదు.

జాగ్రత్తపరుడు:
ఎన్నోసార్లు జపాన్ వీధుల్లో తిరిగాను, ఒక్క పోలీసు కూడా నన్ను ఆపలేదు. పుస్తకంలో ఉన్న ప్రతి నియమాన్నీ పట్టుకుని కొత్తవాళ్లను భయపెట్టడం ఎందుకు?

ఒసాకావాసి:
మిమ్మల్ని ఆపలేదు కాబట్టి చట్టం లేదంటారా? నా ఎదుటే ఒక మిత్రుణ్ణి స్టేషన్ బయట ఆపి, పేరు, హోటల్ పేరు అడిగి, పాస్‌పోర్టు గదిలో ఉందంటే ఆ గది దాకా వెంట నడిచారు. మర్యాదగానే నడిచారు, కానీ ఆ సాయంత్రం అంతటితో పోయింది. మీకు అనుభవం లేదని అనను, మీ అనుభవాన్ని అమ్మానాన్నలతో వెళ్లే కొత్త మనిషికి నియమంగా చెప్పడం మాత్రం బాధ్యతారాహిత్యం.

జాగ్రత్తపరుడు:
బాధ్యత గురించి నాకు పాఠాలు చెప్పనవసరం లేదు. పోగొట్టుకున్నాక మీరు వచ్చి తెచ్చిపెడతారా?

దుకాణదారి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. చట్టాన్ని పక్కన పెట్టినా, పన్ను మినహాయింపుతో వస్తువులు కొనాలంటే దుకాణంలో అసలు పాస్‌పోర్టే చూపాలి. కాపీ చూపితే పది శాతం పన్ను మన నెత్తినే. 2026 నవంబరు 1 నుంచి ఈ పద్ధతి కూడా మారుతోంది: కొన్నప్పుడు పన్ను కట్టి, దేశం వదిలే ముందు విమానాశ్రయంలో సరుకు చూపించాక తిరిగి తీసుకోవాలి. కనుక కొన్నవాటిని పెద్ద పెట్టెలో అడుగున సర్దేయకండి.

శాంతికాముకుడు:
పోతే ఏం చేయాలో చెప్పి ఈ గొడవ ముగిద్దాం. దగ్గరలోని కోబన్ అనే చిన్న పోలీసు ఠాణాలో ఫిర్యాదు రాయించి, ఆ రసీదుతో టోక్యోలోని మన రాయబార కార్యాలయానికి గాని, ఒసాకాలోని కాన్సులేట్‌కు గాని వెళ్లాలి. పోలీసులకు 110, అంబులెన్సుకూ అగ్నిమాపక దళానికీ 119. మెడ నుంచి చొక్కా లోపలికి వేలాడే పలచని సంచి కొనుక్కుంటే మీరిద్దరూ చెప్పినట్టే జరుగుతుంది: పాస్‌పోర్టు వెంటా ఉంటుంది, పోకుండానూ ఉంటుంది.

విద్యుత్తువేత్త:
ముప్పై ఏళ్లు విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసినవాణ్ణి కాబట్టి ఎవరూ ఎత్తని విషయం చెబుతాను. నాన్నగారికి అన్నం కోసమని మీరు ఇక్కడి ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టెలో పెట్టుకునే ఆలోచనలో ఉండి ఉంటారు. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు. 230 వోల్టుల కోసం చేసిన కుక్కర్‌కు 100 వోల్టులు ఇస్తే వేడి సగానికి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది, అంటే అయిదో వంతు కూడా రాదు. బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. ఫోన్, లాప్‌టాప్ చార్జర్ల మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది కనుక వాటికి భయం లేదు. రెండు చదును పిన్నుల అడాప్టర్ ఉంటే చాలు. ఇంకో విచిత్రం, టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60 హెర్ట్జ్. ఒకే దేశంలో రెండు ఫ్రీక్వెన్సీలు. దీనికి కారణం పందొమ్మిదో శతాబ్దం చివర టోక్యోకు జర్మనీ నుంచి, ఒసాకాకు అమెరికా నుంచి జనరేటర్లు రావడం. ఈ విషయం మీద

లెక్కలమాస్టారు:
చరిత్ర బాగుంది గాని అయ్యా, వారు ఎలక్ట్రిక్ కుక్కర్ సంగతి అడగనే లేదు. పైగా హోటల్ గదుల్లో సాధారణంగా వండనివ్వరు.

విద్యుత్తువేత్త:
అడగకముందే చెప్పడాన్నే అనుభవం అంటారు మాస్టారూ.

శాకాహారిణి:
నాన్నగారి భోజనం గురించి ఇంతవరకు ఒక్కరూ మాట్లాడలేదు. జపాన్‌లో కంటికి కనిపించే చేప కన్నా కనిపించని చేపే ఇబ్బంది. దాషి అనే రసాన్ని ఎక్కువగా ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో కాస్తారు. మిసో సూప్, ఉడాన్ నూడుల్స్, ఉడికించిన కూరగాయలు, చివరికి టోఫు మీద పోసే పులుసు దాకా అన్నిట్లోనూ అదే. మాంసం వద్దంటే వెయిటరు మాంసం ముక్కలు తీసేసి తెస్తాడు, రసం మాత్రం అలాగే ఉంటుంది. మాంసం, చేప, చేప రసం, గుడ్డు నాన్నగారు తినరని జపాన్ భాషలో ఒక కార్డు రాయించుకుని చూపించండి. క్యోటోలో గుళ్ల దగ్గర దొరికే షోజిన్ ర్యోరి బౌద్ధ సన్యాసుల భోజనం, పూర్తి శాకాహారం, దాని దాషి సముద్రపు నాచు, పుట్టగొడుగులతో కాస్తారు. పెద్దవాళ్లకు నచ్చుతుంది, కాస్త ఖరీదు. పొద్దున్నే దుకాణాల్లో దొరికే అన్నం ముద్దల్లో ఉప్పు పట్టించిన ఉమె పండు పెట్టినదాన్ని లేబుల్ చూసి తీసుకోవచ్చు. వెయిటర్లకు టిప్పు ఇవ్వకండి, వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగి ఇస్తారు.

నిత్యయాత్రి:
నగదు సంగతి నేను చెబుతాను. కార్డు తీసుకోని చిన్న హోటళ్లు, గుళ్ల టికెట్ కౌంటర్లు ఇంకా ఉన్నాయి కనుక మనిషికి పదివేల యెన్లు జేబులో ఉంచుకుంటే ధైర్యంగా ఉంటుంది. సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి. కొన్ని పాత టికెట్ యంత్రాలు వాటిని మింగవు, చిల్లర నాణేలు పారేసుకోకండి. నగరాల్లో రైలుకూ బస్సుకూ సుయికా అనే, ముందే డబ్బు నింపుకునే కార్డు తీసుకోండి. ఐఫోన్ ఉంటే ఫోన్లోకే వస్తుంది. జపాన్ బయట కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు ఆ కార్డు పనిచేయడానికి కావలసిన ఫెలికా అనే చిప్ సదుపాయం ఉండదు కనుక ప్లాస్టిక్ కార్డే శరణ్యం.

తొలిఅడుగు:
అందరికీ కృతజ్ఞతలు. ఇంత చర్చ జరిగినా అమ్మ మోకాళ్ల గురించి, వీసా గురించి ఎవరూ చెప్పలేదు.

ఒసాకావాసి:
వీసా ముందు. 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు పర్యాటక వీసా ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇస్తున్నారు. విమానాశ్రయంలో దాన్ని ఇంటర్నెట్‌కు కలిసి ఉన్న ఫోన్లోనే తెరిచి చూపాలి. ప్రింటు, పీడీఎఫ్, స్క్రీన్‌షాట్ చెల్లవు. ముగ్గురి వీసాలూ ఒకే ఫోన్లో ఉంటే ఆ ఫోన్ చార్జింగ్ మీద అందరి ప్రయాణం ఆధారపడుతుందని గుర్తుంచుకోండి.

మోకాళ్ల సంగతికొస్తే, పెద్ద స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి, కానీ అవి ఏదో ఒక మూల గేటు దగ్గరే ఉంటాయి, అక్కడికి నడవడమే అసలు శ్రమ. టోక్యో, షింజుకు స్టేషన్లలో రైలు మారడమంటే ఒక చిన్న ఊరిని దాటినట్టే. హోటల్‌ను స్టేషన్‌కు దగ్గరగా, రైలు మారే పని లేకుండా చూసుకోండి. షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు ముందుగా ప్రత్యేక సీటు తీసుకోవాలి. లేకపోతే రైల్లో వెయ్యి యెన్లు వసూలు చేస్తారు. అంతకన్నా పెట్టెలను ఒక హోటల్ నుంచి మరో హోటల్‌కు కొరియర్‌లో పంపించండి, సాధారణంగా మర్నాటికి చేరతాయి. క్యోటోలో ఫుషిమి ఇనారి కొండంతా మెట్లే, కియోమిజు గుడికి ఎక్కే వీధి నిటారు. హిరోషిమా శాంతి ఉద్యానవనం మాత్రం చదునుగా ఉంటుంది, ట్రామ్ దాని పక్కనే ఆగుతుంది. అమ్మగారిని అక్కడ సాయంత్రం దాకా కూర్చోనివ్వండి.

మీ విమానం ఏ విమానాశ్రయానికి, ఎన్ని గంటలకు వస్తుందో చెప్పలేదు. ఊళ్లోకి వెళ్లే రైళ్లు అర్ధరాత్రి దాకా కూడా ఉండవు.

తొలిఅడుగు:
నరిటాకు, రాత్రి తొమ్మిదిన్నరకు దిగుతుంది.

ఒసాకావాసి:
అయితే ఆ రాత్రికి నరిటా దగ్గరే గది తీసుకోండి. వలస తనిఖీ, సామాను, కస్టమ్స్ అయ్యేసరికి పదకొండు కావచ్చు. టోక్యో అక్కడికి అరవై కిలోమీటర్లు, ఆ వేళ టాక్సీ ఎక్కితే మాస్టారు లెక్కగట్టి మిగిల్చిన సొమ్మంతా దానికే పోతుంది.