పాఠం అందరూ కలిసి తయారుచేసేటప్పుడు ఏఐని ఏ దశలో తేవాలి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్తాను. 2021-22లో సెమిస్టర్ పద్ధతి వచ్చాక సిమ్యులేషన్‌కి, అంటే నిజం పేషెంటు దగ్గరికి వెళ్లేముందు కల్పించిన కేసుల మీద చేసే అభ్యాసానికి, ప్రాధాన్యం పెరిగింది. ఇప్పుడు షుగర్ వాళ్ల కాలి పుండ్ల మీద ఒక మాడ్యూల్ తయారుచేస్తున్నాం. వార్డు సిస్టర్లు, ఫిజియోథెరపిస్టు, ఫైనలియర్ పిల్లలు, కొందరు పేషెంట్లు కూడా మాతో కూర్చుంటున్నారు.

చాట్‌జీపీటీని అడిగితే ఆబ్జెక్టివ్స్, కేసు, క్విజ్ అన్నీ నిమిషంలో ఇస్తుంది. చిక్కంతా అక్కడే. ఆ డ్రాఫ్ట్ తెర మీద పెట్టగానే సిస్టర్లు "బాగుంది మేడమ్" అని ఊరుకుంటారు. అలిపిరి మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కి, పాదం బొబ్బలెక్కినా స్పర్శ లేక తెలుసుకోలేని మనిషి ఆ కేసులో ఉండడు. మా పిల్లలు రేపు వార్డులో చూడబోయేది ఆ మనిషినే!

ముందు అందరిచేతా మాట్లాడించి, ఆ మాటల్ని ఒక క్రమంలో పెట్టడానికే ఏఐని వాడాలా? లేక దాని డ్రాఫ్ట్ ఇచ్చి "ఇందులో తప్పులు పట్టండి" అనాలా? ఇలా చేసినవాళ్లుంటే మీ అనుభవం, పనికొచ్చిన ప్రాంప్టులు దయచేసి చెప్పండి. మాటల రికార్డింగుని తెలుగు రాతలోకి బాగా మార్చే టూల్ ఏదైనా వాడారా? మావాళ్ల మాటల్లో తమిళం కూడా కలుస్తుంది. పేషెంట్ల పేర్లు, వివరాలు మాత్రం దేంట్లోనూ ఎక్కించను.