అప్‌డేట్: గుల్మార్గ్ స్కీయింగ్, అనంతపురం నుంచి మొదటిసారి పోయేవాళ్లకి

మంచు మొహం చూడనివాళ్లకి గుల్మార్గ్ సరిపోతుందా, గొండోలా (కొండెక్కించే కేబుల్ కార్) రెండు ఫేజ్‌లూ ఎక్కాలా అని అడిగినాను. జవాబులిచ్చిన అన్నలకీ అక్కలకీ చానా థ్యాంక్స్. తేలింది ఇదీ.

నేర్చుకునేవాళ్లకి గొండోలాతో పనే లేదు. కింద గోల్ఫ్ మైదానం దగ్గరి చిన్న వాలులే ఎక్కువ. రెండో ఫేజ్ 3,900 మీటర్లు దాటి అఫర్వాత్ కొండకి పోతుంది. అక్కడ మంచుని చదును చేయరు, మంచు చరియలు విరిగిపడే ప్రమాదముంది, గాలి లేస్తే కేబినే ఆపేస్తారు.

అసలు తిప్పలు స్కీ బూటుతోనే. చలికి భయపడి రెండు జతల సాక్సులు తొడిగితే రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. మోకాలి కిందిదాకా వచ్చే పల్చటి జత ఒక్కటే వేయాలి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు ఆనాలి, మోకాళ్లు వంచగానే కాస్త వెనక్కి జరగాలి. లోపలి ప్యాంటు మడత బూటులో ఇరుక్కుందా, పిక్క ఒరుసుకుపోతుంది.

కాటన్ బనియన్ మన ఎండలకే. అక్కడ చెమట పట్టి ఆరక వణికిస్తుంది; ఉన్నిదో పాలిస్టర్‌దో వేసుకోండి.

భయానికి ఒళ్లు వెనక్కి వాలిందంటే స్కీ (బూటు కింద బిగించే పొడుగు పలక) మాట వినదు. రెండు స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి ముందుకు వంగితేనే వేగం తగ్గేది.

ఇంకోటి, మన ప్రీపెయిడ్ సిమ్ కాశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఉండాల్సిందే.