డాబా మీద తొలి తోట: నీళ్లలోనా, మట్టిలోనా?

రాయగడ డాబా:
డాబా మీద పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు చోటుంది. మధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది. బోరు నీటికి టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) 420 చూపిస్తోంది. గాలివాన వస్తే గంటల తరబడి కరెంటు ఉండదు. పాలకూర, తోటకూర, టమాటా, వంగ వేసుకోవాలని ఉంది. కొత్తవాళ్లకు హైడ్రోపోనిక్సే, అంటే మట్టి లేకుండా ఎరువు కలిపిన నీటిలో పెంచడమే, సులువని కొందరు, మట్టే మేలని కొందరు చెబుతున్నారు. దేనితో మొదలుపెట్టాలి?

గుణుపురం మాస్టారు:
మట్టితోనే మొదలుపెట్టు తమ్ముడూ. ఎరువు కాస్త ఎక్కువైనా, ఓ పూట నీళ్లు మరిచినా మట్టి సర్దుకుంటుంది. బంకమట్టి, కుళ్లిన గత్తం పోషకాలను పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. పంపుతో పారే పైపుల పద్ధతిలో వేళ్ల కింద సన్నటి నీటిపొర తప్ప నిల్వే ఉండదు. ఏప్రిల్ ఎండలో కరెంటు పోతే కొద్ది గంటల్లోనే మొక్కలు వడలిపోతాయి.

మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన గత్తం లేదా వర్మీకంపోస్టు రెండు పాళ్లు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, ఏటి ఇసుక ఒక పాలు. 20 లీటర్ల సంచికి గుప్పెడు వేపపిండి. మన కొండ దిగువ ఎర్రమట్టి చాలాచోట్ల పులుపు నేల. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే తక్కువ ఉంటే లీటరు మిశ్రమానికి 2 గ్రాముల లెక్కన డోలమైట్ (ఒక రకం సున్నపురాయి) పొడి కలిపి, తడిపి, రెండు మూడు వారాలు మాగనివ్వాలి. మాగని గత్తం మాత్రం వెయ్యొద్దు. అది సంచిలో వేడెక్కి వేళ్లను మాడుస్తుంది, వేరుపురుగునూ వెంట తెస్తుంది. చేతిలో పొడిపొడిగా రాలుతూ, పేడవాసన పోయి ఉంటేనే మాగినట్టు.

ఆకుకూరలకు 8 అంగుళాల లోతు చాలు. టమాటా, వంగలకు మొక్కకు 15 నుంచి 20 లీటర్ల మట్టి ఉండాలి. అంతకంటే చిన్న కుండీలో తడి పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ అవుతూ ఉంటుంది. అప్పుడు కాల్షియం కాయదాకా చేరక టమాటా అడుగు నల్లబడుతుంది. మట్టిలో సున్నం సరిపడా ఉన్నా ఇది తప్పదు.

బరంపురం నీటితోట:
మాస్టారూ, పంపు, పైపులు లేకుండానే చేసే పద్ధతి ఉంది కదా. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రాట్కీ ప్రచారం చేసిన పద్ధతి అది. కరెంటుతో పనే లేదు.

మూత ఉన్న, వెలుతురు చొరని 40 లీటర్ల టబ్బు తీసుకోవాలి. మూతకు ఆరేసి అంగుళాల ఎడంతో 8 బెజ్జాలు, ఒక్కోదాంట్లో 2 అంగుళాల జల్లికప్పు. కొబ్బరి పొట్టులో మొలిపించిన నారుకు రెండు మూడు అసలు ఆకులు వచ్చి, వేరు కప్పు కిందికి కనిపించాక టబ్బులో పెట్టాలి. మొదట నీటిమట్టం కప్పు అడుగును అరంగుళం తడిపితే చాలు. మొక్క తాగేకొద్దీ నీరు దిగుతుంది, పైన ఖాళీ అయిన చోట వేళ్లు గాలి పీలుస్తాయి. కొత్తవాళ్లు పాడుచేసేది ఇక్కడే: నీరు తగ్గిందని మళ్లీ అంచుదాకా నింపేస్తారు, గాలివేళ్లు మునిగి మొక్క వాలిపోతుంది. పోయాల్సి వస్తే సగానికి మించి పోయకూడదు.

10 లీటర్ల మంచినీటికి 4-18-38 రకం (నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) హైడ్రోపోనిక్ ఎరువుపొడి 6 గ్రాములు, ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) 3 గ్రాములు, ఇవి పూర్తిగా కరిగాక కాల్షియం నైట్రేట్ 6 గ్రాములు. చిక్కటి ద్రావణాలుగా కలిపితే కాల్షియం వెళ్లి సల్ఫేట్‌తో, ఫాస్ఫేట్‌తో జతకట్టి తెల్లటి మడ్డిలా అడుక్కి దిగిపోతుంది. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి.

కలుపు తీసే పని లేదు, రోజూ నీళ్లు పోసే పని లేదు. ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

గుణుపురం మాస్టారు:
చలికాలంలో ఒప్పుకుంటానమ్మా. ఎండాకాలం మాటేమిటి? 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ వేరుకు కావాల్సిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. వేళ్లను కుళ్లబెట్టే పితియం బూజు ఆ అదను చూసుకునే వస్తుంది. వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర జారి వస్తుంది. ఆ దశలో మందు లేదు. టబ్బు ఖాళీ చేసి కడుక్కోవడమే. పైగా మూత దగ్గర సందుంటే దోమలు గుడ్లు పెడతాయి. మలేరియా పీడించే జిల్లాల్లో ఇది తేలిగ్గా తీసుకునే మాట కాదు.

జయపురం వంగతోట:
మట్టి ఓడిపోయే చోటు ఒకటుంది, అదీ చెప్పాలి. మన వైపు టమాటా, వంగలను చంపేది బాక్టీరియా ఎండు తెగులు. ఆకు పచ్చగా ఉండగానే మొక్క రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. కాండాన్ని అడుగున కోసి తేటనీటి గ్లాసులో నిలబెడితే కొద్ది నిమిషాల్లో పాలలాంటి తీగలు దిగుతాయి. అలా దిగితే ఇదే తెగులు. ఆ సంచి మట్టిలో మళ్లీ టమాటా, వంగ, మిరప వేయకూడదు.

అందుకే వంగ పండిన పొలం మట్టి డాబాకు తేవద్దు. తెచ్చినదాన్ని ఏప్రిల్, మే ఎండలో తడిపి, పారదర్శక ప్లాస్టిక్ పట్టా కింద జానెడు మందాన నెల రోజులు పరచాలి. టమాటాలో ఉత్కళ్ కుమారి, అర్క రక్షక్ ఈ తెగులును తట్టుకునే రకాలు.

అలాగని నీటిసాగులో ఈ తెగులు రాదనుకోకండి. ఒకే ట్యాంకు నీరు అన్ని మొక్కలకూ తిరిగే ఏర్పాటులో ఒక మొక్కకు సోకితే వరుసంతా పోతుంది. విడివిడి టబ్బులైతే నష్టం ఆ టబ్బుతో ఆగుతుంది.

రాయగడ డాబా:
నా బోరు నీళ్లు పనికొస్తాయా అక్కా? ఇంట్లో 19-19-19 ఎరువు ఉంది, అది టబ్బులో వాడొచ్చా?

బరంపురం నీటితోట:
19-19-19 వద్దు తమ్ముడూ. అందులో కాల్షియం, మెగ్నీషియం లేవు. నత్రజనిలో పెద్దభాగం యూరియా, అమ్మోనియా రూపంలో ఉంటుంది. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి, కొత్త టబ్బు నీటిలో ఆ పని చేసేవి తగినన్ని ఉండవు. దాన్ని మాస్టారి సంచులకు వాడుకో, లీటరు నీటికి 2 గ్రాములు.

నీ 420 అంటే, చవక మీటర్లలో చాలావాటి లెక్కన, ఈసీ (నీటిలో లవణాలు ఎంతున్నాయో కరెంటు ప్రవాహంతో చెప్పే కొలత) 0.84. ఎరువు వేయకముందే అంత ఉంటే పాలకూరకు కావాల్సిన 1.6లో సగం మొక్కకు అక్కరలేని లవణాలే. సగం వాననీరు కలిపి, ఎరువులను 4, 2, 4 గ్రాములకు తగ్గించు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో పీహెచ్ 6కు తెచ్చి మర్నాడు చూడు. మళ్లీ 7 దాటితే నీటిలో ఆమ్లాన్ని విరిచేసే బైకార్బనేట్ ఎక్కువన్నమాట, వాననీటి పాలు పెంచాలి. ఆమ్లాన్ని నీటిలో చుక్కలుగా వేయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. నిమ్మ ఉప్పుతో దించితే రెండు రోజుల్లో పీహెచ్ మళ్లీ పైకెక్కుతుంది.

మాస్టారు చెప్పిన వేడి మాట నిజమే. నవంబరులో మొదలుపెట్టి ఫిబ్రవరి చివర టబ్బు ఎత్తేయి. బయట తెల్లరంగు వేసి, మూత అంచుకు నురగపట్టీ అంటించు. అప్పుడు నీరూ వేడెక్కదు, దోమా దూరదు. ఒక టబ్బుతో పాలకూర, పక్కన సంచుల్లో టమాటా. రెండూ ఒకేసారి చేస్తే నష్టమేమీ లేదు.

గుణుపురం మాస్టారు:
నా మాట మాత్రం మొదటి పంట మట్టిలో తోటకూరే. సంతలో కోసలా శాగ అని అమ్మేది. చల్లిన నాలుగు వారాలకే కోతకొస్తుంది, నీళ్లు ఎప్పుడు పోయాలో చేతికి తెలుస్తుంది. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడు, తడి తగలకపోతేనే పోయాలి. ఆ తర్వాత టబ్బు పెట్టుకో.

ఏది పెట్టినా బరువు లెక్క చూసుకో. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అడుగు లోతున తడిమట్టి పరిస్తే అది ఎప్పుడో దాటిపోతుంది, 15 సెంటీమీటర్ల నీరు నిలిపినా సరిగ్గా అంతే. సంచులను, టబ్బులను గోడల మీద, దూలాల మీద పడేలా వరుసగా సర్దు, నడుమ ఖాళీ వదులు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను లాంటి గాలి వస్తే తేలికపాటి పైపు స్టాండ్లు నిలవవు, పిట్టగోడ మొదట్లో ఉన్న బరువులే నిలుస్తాయి. వాననీటి తూము దగ్గర మాత్రం రెండడుగుల మేర ఏదీ పెట్టొద్దు.