ప్రోగ్రెసివ్ రాక్ కోసం ఇంట్లో తయారు చేసుకునే బేస్ గిటార్: మీ అనుభవాలు చెప్పండి

మంద్రతంతి:
అందరికీ నమస్కారం. సంగీతం నాకు జీవనోపాధి కాదు. రోజువారీ పని ముగిశాక తలుపు వేసుకుని బేస్ గిటార్ వాయించుకునేవాళ్లలో నేనొకణ్ణి. ప్రోగ్రెసివ్ రాక్ (మామూలు పాటలకన్నా జటిలమైన తాళాలతో, రచనలతో సాగే రాక్ సంగీతం) మీద నాకున్న ఇష్టమంతా బేస్ వల్లనే కలిగింది. మామూలు రాక్ పాటల్లో బేస్ చాలావరకు డ్రమ్స్‌కు తోడుగా అడుగున నడుస్తుంది. యెస్ బృందం 1971లో విడుదల చేసిన 'ఫ్రాజైల్' ఆల్బమ్‌లో క్రిస్ స్క్వయర్ వాయించిన బేస్ మాత్రం గాయకుడి పక్కనే మరో రాగవరుసలా సాగుతుంది. గిటార్ ఆగినచోట తానే ముందుకు వచ్చి మాట్లాడుతుంది. మొదటిసారి విన్నప్పుడు అది ఏ వాద్యమో గుర్తుపట్టడానికే నాకు కొంత సమయం పట్టింది.

ఈ పాటలను సొంతంగా చేసుకున్న బేస్ మీదే వాయించాలన్న కోరికతో నాలుగు తీగల వాద్యం ఒకటి ఇప్పటికే తయారు చేసుకున్నాను. దానిది 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు), మరలతో బిగించిన మేపుల్ నెక్ (వాద్యం మెడ), నడుమ ఒకే పికప్ (అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టి, తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం). ఒక్కదాన్నే వాయించినప్పుడు దాని నాదం నాకు ఎంతో నచ్చుతుంది. కానీ కీబోర్డు, గిటార్, డ్రమ్స్ అన్నీ కలిసినప్పుడు, వేగంగా కదిలే వరుసల్లో స్వరాలు విడివిడిగా వినిపించకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. అందుకే రెండో వాద్యాన్ని మొదటినుంచీ ఈ సంగీతాన్ని దృష్టిలో పెట్టుకునే చేయాలనుకుంటున్నాను. నెక్ ఎలా ఉండాలి, పికప్‌లు కొనాలా, సొంతంగా చుట్టుకోవాలా, ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) ఉండాలా వద్దా అన్న విషయాల్లో మీ అనుభవం తెలుసుకోవాలని ఉంది.

చిత్రిక:
మంద్రతంతి గారూ, మీ ప్రశ్నల్లో నెక్ గురించిన ప్రశ్నే అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం. వాద్యం ఒంటికి ఏ చెక్క వాడాలన్న దానిపై ఎంత వాదించినా తీరదు గానీ, నెక్ గట్టిగా, నిటారుగా లేకపోతే మిగతా పనంతా వృథా అవుతుంది. మామూలు మందం ఉన్న నాలుగు తీగలను 34 అంగుళాల స్కేలు మీద శ్రుతి చేస్తే, వాటి లాగుడు మొత్తం 75 నుంచి 85 కిలోల బరువుకు సమానంగా ఉంటుంది. ఆ బలం పగలూ రాత్రీ నెక్‌ను ముందుకు వంచాలనే చూస్తుంది.

మీరు ప్రస్తావించిన స్క్వయర్ వాయించినది రికెన్‌బ్యాకర్ బేస్. ఆ సంస్థ 1957లో 4000 మోడల్‌ను తెచ్చినప్పుడే నెక్ చెక్కను ఒంటి చివరిదాకా ఒకే పొడవుగా నడిపించి, రెండు పక్కలా రెక్కలు అతికించే పద్ధతిని అనుసరించింది. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు మాత్రం నెక్‌ను మరలతో బిగించారు. తీగ రెండు కొసలూ ఒకే చెక్క మీద ఉండే నిర్మాణం నాకు ఎక్కువ ఇష్టం. పైన ఉన్న ఫ్రెట్ల దగ్గర, నెక్ ఒంటితో కలిసే చోటి మడమ చెక్క అడ్డు రాదు కాబట్టి, పన్నెండో ఫ్రెట్ దాటాక కూడా ఎడమచేయి హాయిగా జరుగుతుంది. బేస్ పై స్థాయిలో రాగాలు వాయించే ఈ సంగీతంలో అది చిన్న లాభం కాదు. అయితే మరలతో బిగించిన నెక్ పాడైతే విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు; ఒకే పొడవు నెక్‌కు ఆ వెసులుబాటు లేదు.

నేను నెక్‌ను మూడు లేదా అయిదు పట్టీలు అతికించి చేస్తాను. పక్కపక్క పట్టీల ఈనె ఎదురెదురు దిక్కుల్లో ఉండేలా తిప్పి అతికిస్తే, ఒకటి వంగబోతే రెండోది ఆపుతుంది. అన్నిటికన్నా ముఖ్యం ఓపిక. చెక్కను ఒక్కసారే తుది కొలతకు చిత్రిక పట్టకండి. రెండు మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంచి, గాలి అన్ని వైపులా తగిలేలా కొన్నాళ్లు పక్కన పెట్టండి. లోపల బిగువు ఉన్న చెక్క కోసిన మర్నాటికే తిరుగుతుంది. ఇనుప స్కేలును దాని అంచు మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, అడుగునుంచి సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. అలా తిరిగిన తర్వాత మళ్లీ చదును చేసుకుంటే ఆపైన కుదురుగా ఉంటుంది.

ఏడోమాత్ర:
చిత్రిక గారు చెప్పినదంతా అవసరమే. అయినా స్వరాలు కలిసిపోవడానికి నెక్ ఒక్కటే కారణం కాదు. బేస్ అడుగు తీగ పలికే 'ఈ' (E) స్వరం సుమారు 41 హెర్ట్జ్. బృందం మొత్తం వాయిస్తున్నప్పుడు మన చెవి ఆ మూల ధ్వనిని పట్టుకోవడం కన్నా, దానిపైన పుట్టే ఉపస్వరాలను బట్టే ఆ స్వరాన్ని గుర్తిస్తుంది. స్క్వయర్ నాదంలోని ఆ లోహపు మెరుపు ఉపస్వరాలదే. గుండ్రని తీగ చుట్టిన రోటోసౌండ్ తీగలను ఆయన ప్లెక్ట్రమ్ (చేత్తో పట్టుకునే చిన్న పలక)తో మీటేవారు. ఈ రెండు మార్పులూ మీ మొదటి వాద్యం మీదే ప్రయత్నించి చూడండి. కొత్త వాద్యంలో ఏం కావాలో అక్కడే చాలావరకు తేలిపోతుంది.

ఇక కొత్త వాద్యానికి రెండు పికప్‌లు పెట్టండి. తీగ బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే భాగం) దగ్గర తక్కువగా ఊగుతుంది కాబట్టి అక్కడి పికప్‌లో మూల ధ్వని పలచబడి ఉపస్వరాలు ముందుకు వస్తాయి. నెక్ వైపు పికప్‌లో నిండుదనం ఉంటుంది. రికెన్‌బ్యాకర్ 4001లో రిక్-ఓ-సౌండ్ అనే ఏర్పాటు ఉంది: రెండు పికప్‌ల ధ్వనీ ఒకే స్టీరియో జాక్ నుంచి రెండు వేర్వేరు దారుల్లో బయటికి వస్తుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఇది చాలా సులభమైన వైరింగ్. స్టీరియో జాక్‌లో ఒక కొసకు ఒక పికప్‌ను, రెండో కొసకు మరోదాన్ని కలిపి, భూమి తీగను రెంటికీ ఉమ్మడిగా ఉంచితే సరిపోతుంది. నేను నెక్ పికప్‌ను శుభ్రంగా ఒక యాంప్లిఫయర్‌కు పంపి, బ్రిడ్జి పికప్‌ను కాస్త గరుకుగా మోగే మరో యాంప్లిఫయర్‌కు పంపుతాను. అడుగు చెదరదు, పైన మాత్రం పదును వస్తుంది. ఒకే యాంప్లిఫయర్‌ను గరుకుగా మోగిస్తే ముందు నలిగిపోయేది అడుగు స్వరాలే.

ఈ సంగీతంలో బేస్ అంత స్పష్టంగా ఎందుకు వినిపించాలో ఒక ఉదాహరణ చెబుతాను. పింక్ ఫ్లాయిడ్ 1973లో విడుదల చేసిన 'మనీ' పాట ఏడు మాత్రల ఆవర్తంలో నడుస్తుంది. ఆ ఏడు మాత్రలనూ మోసేది బేస్ వరుసే; అది మసకబారితే వినేవాడికి ఆవర్తం ఎక్కడ మొదలైందో తెలియదు. అదే పాటలో గిటార్ సోలో రాగానే తాళం నాలుగు మాత్రలకు మారుతుంది, సోలో అయ్యాక తిరిగి ఏడుకు వస్తుంది. రష్ బృందం 1981లో చేసిన 'వైవైజెడ్' ఆరంభం టొరంటో విమానాశ్రయం సంకేతాక్షరాలను మోర్స్ కోడ్‌లో మోగిస్తూ అయిదు మాత్రల లెక్కలో సాగుతుంది. దాన్ని ఆ బృందపు బేస్ వాద్యకారుడు గెడ్డీ లీతో పాటు వాయించాలని కూర్చున్నప్పుడు, ప్రతి స్వరానికీ మొదలూ తుదీ తేటగా ఉండాలన్న సంగతి వేళ్లకే అర్థమవుతుంది.

నున్నమెడ:
ఫ్రెట్ల ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఫ్రెట్లు లేని బేస్ చరిత్రలో ఇంటి పనితనానికి మంచి చోటే ఉంది. రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన బిల్ వైమన్ 1961లో ఒక చవక బేస్ నుంచి ఫ్రెట్లు ఊడదీసి వాయించారు. ప్రోగ్రెసివ్ రాక్‌కు దగ్గరగా ఉండే బ్రాండ్ ఎక్స్ బృందంలో పర్సీ జోన్స్ వాయించిన ఫ్రెట్లు లేని బేస్ వింటే, స్వరం మనిషి గొంతులా జారడం, వణకడం ఎంత దూరం పోగలవో తెలుస్తుంది.

కానీ మీకు కావలసినది స్వరాల మధ్య స్పష్టత అయితే, తొలి ప్రయత్నంలో ఫ్రెట్లు ఉంచుకోమనే నా సలహా. ఫ్రెట్లు లేనప్పుడు తీగ కొసకు ఆధారం మెత్తటి వేలు. మీటిన క్షణంలో వచ్చే పదును తగ్గుతుంది. పైగా గుండ్రని చుట్టు తీగలు చెక్క మీద గాట్లు పెడతాయి. ఎబొనీ లాంటి గట్టి చెక్క వాడాలి, లేదా ఫింగర్‌బోర్డ్ (నెక్ మీద వేళ్లు నొక్కే పలక) మీద ఎపాక్సీ (గట్టిపడే రెసిన్) పూత పోసి నునుపు చేయాలి.

దీనికన్నా నేను గట్టిగా చెప్పదలచుకున్నది శ్రుతి గురించి. ఫ్రెంచ్ బృందం మాగ్మాలో జానిక్ టాప్ తన బేస్‌ను మామూలు ఈ, ఏ, డీ, జీ శ్రుతిలో కాకుండా చెల్లోలాగా సీ, జీ, డీ, ఏ స్వరాలకు, దానికన్నా ఒక స్థాయి కిందికి శ్రుతి చేసేవారు. అడుగు తీగ సుమారు 32.7 హెర్ట్జ్‌కు దిగుతుంది, పై తీగ 110 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది. మామూలు సెట్టుతో ఈ శ్రుతి పెడితే అడుగు తీగ వదులై కొట్టుకుంటుంది, పై తీగ ప్రమాదకరంగా బిగుస్తుంది. అందుకని తీగలను విడివిడిగా ఎంచుకొని, నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే చిన్న పట్టీ)లోని గాళ్లను ఆ మందాలకు తగినట్టు ఆకురాయితో దిద్దుకోవాలి. కొనుక్కున్న వాద్యం మీద ఈ పని చేయడానికి చేయి ఆడదు. మనం చేసుకున్నదైతే ఎముకతో ఇంకో నట్ చేసి దగ్గర పెట్టుకోవచ్చు. ఆ శ్రుతిలో తీగల స్వరాల మధ్య దూరం పెరిగి, అడుగున కూడా ఒక్కో స్వరం విడిగా నిలబడుతుంది. నాకు దానిమీద మనసు పోయినప్పటినుంచీ మామూలు శ్రుతికి తిరిగి వెళ్లాలని అనిపించలేదు.

తీగచుట్ట:
పికప్‌లు సొంతంగా చుట్టుకోవాలా అని అడిగారు. నేను చుట్టుకుంటాను, ఆ పని నాకు ప్రాణం. కానీ మీ వాద్యం త్వరగా మోగాలంటే పికప్‌లు కొని, మిగతాది చేసుకోండి. చుట్టడానికి ఎక్కువగా వాడేది 42 గేజ్ రాగి తీగ. దాని మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుకంత. వేల చుట్లు చుట్టాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి గుడ్డ ముక్కతో పట్టుకుని వదులుతుంటే, తీగ ఉందో లేదో కంటికి ఆనదు. వేళ్ల మధ్య చిన్న లాగుడుగా మాత్రమే తెలుస్తుంది. ఆ లాగుడు పెరిగితే తీగ తెగుతుంది, తగ్గితే చుట్లు వదులై పెద్ద శబ్దంలో పికప్ కీచుమంటుంది. అందుకే చివరగా పారఫిన్ మైనంలో కొంచెం తేనెమైనం కలిపి, సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, పికప్‌ను అందులో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, వేడినీళ్ల గిన్నెలో పెట్టిన పాత్రలో కరిగించండి.

కరెంటు గుంయ్ శబ్దం గురించి కూడా ముందే ఆలోచించుకోండి. 1957నుంచి ప్రెసిషన్ బేస్ పికప్ రెండు ముక్కలుగా ఉంటోంది. ఒక ముక్కలో అయస్కాంతం దిశనూ, చుట్టు దిశనూ రెండోదానికి వ్యతిరేకంగా పెడతారు. బయటినుంచి వచ్చే గుంయ్ శబ్దం రెండు చుట్లలోనూ ఎదురెదురుగా పుట్టి రద్దవుతుంది, తీగల ధ్వని మాత్రం అలాగే నిలుస్తుంది. ఏడోమాత్ర గారు చెప్పిన స్టీరియో పద్ధతిలో ఒంటిచుట్టు (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు రెండు పెడితే, అవి విడివిడి దారుల్లో పోతాయి కాబట్టి ఒకదాని గుంయ్‌ను మరొకటి రద్దు చేయలేదు. అందుకని ఆ ఏర్పాటుకు రెండు స్థానాల్లోనూ దేనికదే గుంయ్ అణచుకునే పికప్‌లే ఎంచుకోండి. లోపలి గుంత గోడలకు రాగి రేకు అతికించి భూమి తీగకు కలపడం మరవకండి.

మంద్రతంతి:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ప్లెక్ట్రమ్, గుండ్రని చుట్టు తీగలు పాత వాద్యం మీద ప్రయత్నించాను. ఏడోమాత్ర గారు చెప్పినట్టు తేడా వెంటనే తెలిసింది. కొత్త వాద్యానికి ఒంటి చివరిదాకా సాగే అయిదు పట్టీల నెక్, ఫ్రెట్లు, గుంయ్ అణచుకునే రెండు పికప్‌లు, స్టీరియో జాక్ అని నిర్ణయించుకున్నాను. నున్నమెడ గారి శ్రుతి నన్ను బాగా ఆకర్షించింది, కానీ ముందు మామూలు శ్రుతిలో మోగించి, రెండో నట్ తర్వాత చేసుకుంటాను. స్కేలు పొడవు మాత్రం తేలడం లేదు: 34 అంగుళాలా, లేక రికెన్‌బ్యాకర్‌లాగా 33¼ అంగుళాలా? అలాగే నా చేతిలో పెద్ద యంత్రాలేవీ లేవు.

చిత్రిక:
యంత్రాలు లేవని వెనకాడకండి. క్వీన్ బృందానికి చెందిన బ్రయన్ మే 1963లో తన తండ్రితో కలిసి రెడ్ స్పెషల్ గిటార్ తయారీ మొదలుపెట్టినప్పుడు పాత నిప్పుగూడు చట్రం చెక్కతో నెక్ చెక్కుకున్నారు. ఫింగర్‌బోర్డ్ మీది చుక్కలు ముత్యపు చిప్ప గుండీలు. అది బేస్ కాకపోయినా, చేతి పనిముట్లతో ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పడానికి ఆ వాద్యం చాలు.

స్కేలు విషయంలో ముప్పావు అంగుళం తేడాతో నాదం పెద్దగా మారదు గానీ, 33¼లో మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గర ఎడమచేతికి కొంత సుఖంగా ఉంటుంది. తీగల సెట్లు ఎక్కువగా 34కే చేస్తారు కాబట్టి, నున్నమెడ గారి శ్రుతి మీద ఆశ ఉంటే 34 దగ్గరే ఉండండి; అంత మందమైన సీ తీగకు పొడవు మేలు చేస్తుంది.

ఫ్రెట్ల కొలతకు స్కేలు పొడవును 17.817తో భాగించాలి. 34 అంగుళాలంటే 863.6 మిల్లీమీటర్లు కాబట్టి మొదటి ఫ్రెట్ నట్ నుంచి 48.47 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తూ పోతే పన్నెండోది సరిగ్గా సగానికి, 431.8 దగ్గర పడాలి. పడకపోతే లెక్క మళ్లీ చూసుకోండి. దూరాలన్నీ కాగితం మీద నట్ నుంచే లెక్కకట్టి, చెక్క మీద కూడా ప్రతి గీతనూ నట్ నుంచే కొలవండి. ముందటి ఫ్రెట్ నుంచి కొలిస్తే చిన్న చిన్న తేడాలన్నీ పోగవుతాయి.

ఇంకొకటి, హెడ్‌స్టాక్ (నెక్ కొసన తీగలు బిగించే భాగం) బరువు. బెల్టు గుండీ ఉండే పై కొమ్మును పన్నెండో ఫ్రెట్ దాకా సాగదీయండి, తేలికైన ట్యూనింగ్ మెషీన్లు వాడండి. లేదంటే ఎడమచేయి వాయించడానికి బదులు నెక్‌ను పైకి ఎత్తి పట్టుకోవడానికే సరిపోతుంది. ఫింగర్‌బోర్డ్ అతికించే ముందు ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ)ను గాడిలో పెట్టి, రెండు వైపులా తిప్పి, అది నిజంగా నెక్‌ను కదిలిస్తోందో లేదో ఇనుప స్కేలుతో చూసుకోండి. జిగురు ఆరాక దాన్ని బయటికి తీయాలంటే ఫింగర్‌బోర్డ్‌ను మళ్లీ ఊడదీయాల్సి వస్తుంది.